బోరు బండి లోపల ఏం అరుగుతుంది? రాయి కంటే దుమ్మే డేంజర్

ఈ ఎపిసోడ్ మన మైదుకూరులోనే రికార్డ్ చేశాం. వెనక లారీ హారన్లు వినిపిస్తే కొంచెం అడ్జస్ట్ అయిపోండి. ఇవాళ్టి టాపిక్ బోరు బండి. బోరు వేస్తుంటే నిలబడి చూడని వాళ్లు మన వైపు ఉండరు. కానీ ఆ బండి లోపల ఏం జరుగుతుంది, ఏ పార్టు ఎందుకు అరుగుతుంది, ఆ అరుగుదలను ఎట్లా తగ్గించుకోవచ్చు అనేది మాత్రం ఎవరూ చెప్పరు. బీటెక్‌లో మాకూ చెప్పలేదు. నాది కంప్యూటర్ సైన్స్ లెండి, చెప్పరు కూడా.

ఎండాకాలం వచ్చిందంటే మన రోడ్ల మీద రెండు లారీలు జతగా పోతుంటాయి. ఒకటి రిగ్గు. ఇంకోటి రాడ్లు, కేసింగ్ పైపులు, డీజిలు మోసే సపోర్ట్ బండి. నంబర్ ప్లేట్ చూడండి, చాలావాటి మీద టీఎన్ అని ఉంటుంది. తమిళనాడులో నామక్కల్ జిల్లా తిరుచెంగోడు అనే ఊరు ఉంది. దేశం మొత్తం తిరిగే బోరు బండ్లలో బోలెడన్ని ఆ ఊరి చుట్టుపక్కల వాళ్లవే. కేసీ కాలువ నీళ్లు అందే చేలకు కాస్త ధైర్యం ఉంటుంది. అందని చేలకు ఈ బండే దిక్కు. రైతు అప్పు తెచ్చి అడుగుకు ఇంత అని మాట్లాడుకుంటాడు. లోతుకు పోయేకొద్దీ రేటు పెరుగుతుంది. ఆరేడు వందల అడుగుల్లో హ్యామర్ ఇరుక్కుపోయిందనుకోండి, ఆ నష్టం ఎవరు పెట్టుకోవాలనే గొడవ చేను గట్టు మీదే మొదలవుతుంది. కాబట్టి అరుగుదల అనేది ఓనరు తలనొప్పి మాత్రమే అనుకోకండి. తిరిగి తిరిగి అది రైతు బిల్లులోకే వస్తుంది.

ముందు ఒక కన్ఫ్యూజన్ క్లియర్ చేస్తాను. చాలామంది బోరు బండి అంటే మొత్తం గాలితోనే నడుస్తుంది అనుకుంటారు. రాయిని కొట్టే హ్యామర్ మాత్రమే గాలితో పనిచేస్తుంది. అది రాడ్ల చివర, బోరు గుంత అడుగున ఉంటుంది. కంప్రెసర్ నుంచి 300 పీఎస్‌ఐ అటూఇటూ ప్రెషర్‌తో వచ్చే గాలి లోపలి పిస్టన్‌ను ఆడిస్తే, పిస్టన్ బిట్టు మీద కొడుతుంది. మిగతా పనులన్నీ హైడ్రాలిక్. రాడ్లను తిప్పడం, కిందికి నొక్కడం, పైకి లాగడం, మాస్ట్ లేపడం, జాకీలు దించడం, ఇవన్నీ నూనె ప్రెషర్‌తోనే నడుస్తాయి. ఆ నూనె 150 నుంచి 250 బార్ దాకా ప్రెషర్‌లో ఉంటుంది. మీ కారు టైర్‌లో ఉండేది రెండు బార్ చిల్లర. తేడా అర్థమైంది కదా.

ఇప్పుడు మన నేల సంగతి. మైదుకూరుకు తూర్పున నల్లమల కొండలు. అక్కడ క్వార్ట్‌జైట్, పలకరాయి. పడమర ఎర్రగుంట్ల వైపు పోతే సున్నపురాయి, నాపరాయి. అందుకే అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు. దక్షిణాన రాయచోటి దాటితే గ్రానైట్. ఖనిజాల గట్టితనాన్ని కొలవడానికి మోస్ స్కేలు అని ఒకటుంది, 1 నుంచి 10 వరకు. సున్నపురాయిలో ఉండే కాల్సైట్ 3. క్వార్ట్‌జైట్‌లో ఉండే క్వార్ట్జ్ 7. మామూలు ఇనుము 4, 5 మధ్య ఉంటుంది. అంటే కొండ వైపు బోరు వేసినప్పుడు బయటకొచ్చే పొడి ఇనుము కంటే గట్టిది. ఎమెరీ పేపర్ మీద ఉండే గరుకు లాంటిదే అది. బిట్టు మీద ఉండే బటన్లు టంగ్‌స్టన్ కార్బైడ్‌వి, దాదాపు 9. అందుకే అవి తట్టుకుంటాయి. బిట్టు ఎటూ రాయిని తినడానికే పుట్టింది, అది అరుగుతుందని అందరికీ తెలుసు, డబ్బు కూడా పక్కన పెట్టుకుంటారు. అసలు దెబ్బ ఎవరూ చూడని చోట, పంపు లోపల, వాల్వు లోపల పడుతుంది.

హైడ్రాలిక్ పంపులో పిస్టన్‌కూ దాని గోడకూ మధ్య సందు ఎంత ఉంటుందో తెలుసా? కొన్ని మైక్రాన్ల నుంచి మహా అయితే కొన్ని పదుల మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 40 మైక్రాన్ల కంటే చిన్నది కంటికి కనబడదు. అంటే ఆ సందులో దూరి పంపును పాడుచేసే రేణువు మనకు కనబడేంత పెద్దది కాదు. పెద్ద రేణువు సందులోకి దూరలేదు. మరీ చిన్నది నూనెతోపాటు దాటిపోతుంది. సరిగ్గా సందు సైజులో ఉన్నదే ఇరుక్కుని గీత పెడుతుంది. ఆ గీతలోంచి ఒక ఇనుప తునక ఊడుతుంది. ఆ తునక ఇంకో చోట గీత పెడుతుంది, అక్కడ ఇంకో రెండు ఊడతాయి. కోడింగ్ చేసేవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, బేస్ కండిషన్ లేని రికర్షన్. స్టాక్ నిండేదాకా ఆగదు.

నూనె ఎంత శుభ్రంగా ఉందో చెప్పడానికి ఐఎస్‌ఓ 4406 అనే కోడ్ ఉంది. 18/16/13 ఇట్లా మూడు అంకెలు ఉంటాయి. ఒక మిల్లీలీటరు నూనెలో 4 మైక్రాన్లకు పైన, 6కు పైన, 14కు పైన ఎన్ని రేణువులు ఉన్నాయో ఆ మూడు అంకెలు వరుసగా చెబుతాయి. 18 అంటే 1,300 నుంచి 2,500 రేణువులు. అంకె ఒకటి పెరిగితే రేణువులు రెట్టింపు. కాబట్టి 22 అంటే నాలుగు ఎక్కువే కదా అని తేలిగ్గా తీసుకోకండి, అది 16 రెట్లు. ఇంకో విషయం వింటే ఆశ్చర్యపోతారు. కొత్త డ్రమ్ములో వచ్చే నూనె కూడా చాలాసార్లు పంపు కోరినంత శుభ్రంగా ఉండదు. ఫిల్టర్ గుండా పంపి ట్యాంకులో పోయాలి. మన దగ్గర ఏం చేస్తారు? డీజిలు తోడిన బకెట్‌తోనే, మూత తీసి, పక్కన బోరు దుమ్ము లేస్తుండగా పోసేస్తారు.

మరి దుమ్ము లోపలికి ఎట్లా పోతుంది? మూడు దారులు. ఒకటి ఆ బకెట్. రెండోది బ్రీదర్. ఆయిల్ ట్యాంకు మీద చిన్న మూత లాంటిది ఉంటుంది, అదే ట్యాంకు ముక్కు. జాకీలు దించినప్పుడు, ఫీడ్ సిలిండర్ చాచినప్పుడు నూనె సిలిండర్లలోకి పోతుంది, ట్యాంకులో మట్టం తగ్గుతుంది. తగ్గినంత గాలిని ట్యాంకు బయట నుంచి పీల్చుకుంటుంది. ఏ గాలి? బోరు గుంత నుంచి లేచిన తెల్లటి పొడి నిండిన గాలి. ఆ బ్రీదర్‌లో మంచి ఫిల్టర్ ఉంటే సరే. చాలా బండ్ల మీద అది ఊడిపోయి, దాని బదులు గుడ్డ పీలిక కుక్కి ఉంటుంది. మొత్తం బండిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద నష్టాన్ని ఆపే పార్టు ఇంకోటి లేదని నా అభిప్రాయం.

మూడో దారి సిలిండర్ రాడ్. మెరిసే క్రోమ్ రాడ్ బయటికి వచ్చినప్పుడు దాని మీద బురద అంటుకుంటుంది. లోపలికి పోయేటప్పుడు వైపర్ సీల్ దాన్ని గీకేయాలి. ఎండిన బురదను సీల్ గీకలేదు, సీలే తెగుతుంది. నేను మాట్లాడిన ఒక ఆపరేటర్ అన్న పాత లుంగీ ముక్క ఎప్పుడూ దగ్గర పెట్టుకుంటాడు. జాకీలు ఎత్తే ముందు నాలుగు రాడ్లూ తుడుస్తాడు. "ఏందన్నా, బండికి స్నానం చేయిస్తున్నావా?" అంటే, "నువ్వు నవ్వుకో బ్బా, నేను సీలు మార్చి యాన్నాళ్లాయనో అడుగు" అన్నాడు. రెండు నిమిషాల పని అది.

ఫిల్టర్ ఉంది కదా, అదే చూసుకుంటుందిలే అనుకోవద్దు. ఫిల్టర్ నిండిపోతే నూనె ఆగిపోకుండా బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది. బండి మామూలుగానే నడుస్తుంది, మురికి నూనె మాత్రం నేరుగా తిరుగుతుంటుంది. ఎర్రర్ రాలేదని ప్రోగ్రామ్ కరెక్ట్ అనుకోవడం లాంటిది. ఫిల్టర్ మీద ఇండికేటర్ ఉంటే రోజూ చూడాలి, లేకపోతే గంటలు లెక్కపెట్టి మార్చాలి.

వేడి సంగతి కూడా. వీజీ 68 నూనె అంటే 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం 68. అదే నూనె 80 డిగ్రీలకు పోతే చిక్కదనం సుమారు ఐదో వంతుకు పడిపోతుంది. నూనె పలచబడితే రెండు ఇనుముల మధ్య ఉండాల్సిన పొర తెగుతుంది, ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. మన మే నెలలో గాలే 40 దాటుతుంది. దానికి తోడు ఆయిల్ కూలర్ రెక్కల్లో పొడి పేరుకుంటే ఇంకేముంది. సాయంత్రం కూలర్‌ను గాలితో ఊదాలి, అదీ లోపలి వైపు నుంచి బయటికి. నూనె పాల లాగా తెల్లగా కనబడితే నీళ్లు కలిసినట్టు, ఇక దాన్ని వాడకూడదు.

ఇప్పుడు లివర్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ అరుగుదల పూర్తిగా ఆపరేటర్ చేతిలో ఉంటుంది. మొదట్లో రాడ్లు తక్కువ, బరువు తక్కువ, కాబట్టి హైడ్రాలిక్‌తో కిందికి నొక్కాలి. 20 అడుగుల రాడ్లయితే 1,000 అడుగులకు 50 రాడ్లు. వాటి బరువు టన్నుల్లో ఉంటుంది. అప్పుడు నొక్కడం మానేసి, పైకి పట్టుకుని ఉంచాలి. లోతుకు పోయినా అదే నొక్కుడు నొక్కితే బటన్లు పగులుతాయి, రాడ్లు వంగుతాయి, తిప్పే మోటారు మూలుగుతుంది. మరీ తక్కువ నొక్కితే హ్యామర్ ఎగిరెగిరి పడి మరలు దెబ్బతింటాయి. తిప్పే స్పీడుకు డ్రిల్లర్లు వాడే ఒక మోటు లెక్క ఉంది. బిట్టు ఒక్క చుట్టు తిరిగితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. గట్టి రాయిలో నెమ్మదిగా దిగుతుంది కాబట్టి నెమ్మదిగానే తిప్పాలి. చాలామంది రాయి గట్టిగా తగిలితే స్పీడు పెంచుతారు. అప్పుడు అంచు బటన్లు కొట్టడం మానేసి రాసుకుంటాయి, పూటలో నున్నగా అయిపోతాయి.

బటన్ నెత్తి మీద అరిగిన చదును, బటన్ వెడల్పులో మూడో వంతుకు వచ్చిందంటే దాన్ని మళ్లీ గుండ్రంగా గ్రైండ్ చేయాలి. ఇంకా సాగదీస్తే బటన్ పగులుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అంచు అరిగిన బిట్టు వేసే గుంత కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. మధ్యలో కొత్త బిట్టు దించితే ఆ సన్నటి చోట ఇరుక్కుంటుంది. పైన చెప్పిన చేను గట్టు గొడవల్లో కొన్నిటికి మూలం ఇదే. అందుకే తెలివైన డ్రిల్లర్లు బిట్లను కొలిచి పెద్దది ముందు, చిన్నది తర్వాత వాడతారు. డిసెండింగ్ ఆర్డర్ సార్టింగ్, అంతే.

హ్యామర్‌కు వేరే నూనె ఉంటుంది, గాలితోపాటు పోతుంది. అది కిందిదాకా అందుతుందో లేదో తెలుసుకోవడానికి, హ్యామర్ దించే ముందు బిట్టు కింద అట్టముక్క పెట్టి కాసేపు గాలి వదలండి. అట్ట మీద నూనె చెమ్మ కనబడాలి. పొడిగా ఉందంటే పిస్టన్ లోపల కాలిపోతుంది.

ఇక్కడో ఇరకాటం ఉంది. దుమ్ము లేవకుండా గాలిలో నీళ్లు కలిపి పంపొచ్చు, చాలా రిగ్గులకు ఆ ఏర్పాటు ఉంటుంది. కానీ నీళ్లు హ్యామర్‌లో నూనెను కొంత కడిగేస్తాయి, హ్యామర్ కాస్త తొందరగా అరుగుతుంది. నూనె పెంచాలి, ఖర్చు. అందుకే కొందరు నీళ్లు కట్టేసి పొడిగానే కొడతారు. నా ఓటు నీళ్లకే. ఎందుకంటే పంపు సందులో ఇరుక్కునే ఆ కొన్ని మైక్రాన్ల క్వార్ట్జ్ పొడే మనిషి ఊపిరితిత్తుల చివరిదాకా పోయే సైజు కూడా. దాంతో వచ్చే జబ్బు పేరు సిలికోసిస్. దానికి నయం చేసే మందు లేదు. రాడ్లు మార్చే పిల్లలు చాలామంది మన వయసు వాళ్లు, ఇంకా చిన్నవాళ్లు. మూతికి తువ్వాలు కట్టుకుని పనిచేస్తుంటారు. తువ్వాలు పెద్ద పొడిని ఆపుతుంది, ఈ సన్నటి పొడిని ఆపదు. కనీసం ఎన్95 మాస్కు కావాలి. హ్యామర్ పోతే ఇంకోటి దించుతారు కదా, కాబట్టి అరిగేది హ్యామరే అయితే అరగనివ్వండి. మన చేలో బోరు వేయిస్తున్నప్పుడు "అన్నా, నీళ్లు కలిపి కొట్టండి" అని అడిగే హక్కు మనకు ఉంది. చూడ్డానికి వచ్చిన చిన్నపిల్లల్ని గాలి వచ్చే వైపు నిలబెట్టండి, దుమ్ము పోయే వైపు వద్దు.

ఇంకొక్కటి చెప్పాలి, రిగ్గు మీద పనికి పోయే తమ్ముళ్ల కోసం. హోసు పైపులో సూది మొనంత రంధ్రం పడి నూనె చిమ్ముతుంటే, ఎక్కడ కారుతుందో అని చేత్తో తడమకండి. 200 బార్ ప్రెషర్‌లో ఆ నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనబడుతుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు, కానీ గంటల్లో వేలు పోయే ప్రమాదం ఉంది. అట్టముక్కతో వెతకండి, ముందు ఇంజిన్ ఆపి ప్రెషర్ వదిలేశాకే పైపు ముట్టుకోండి. పొరపాటున తగిలితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోయి, "హైడ్రాలిక్ నూనె ప్రెషర్‌తో లోపలికి పోయింది" అని ఆ మాటే చెప్పండి. లేకపోతే చిన్న గాయం అనుకుని కట్టు కట్టి పంపించే అవకాశం ఉంది.

సరే, వచ్చే వారం బోరు దించాక వచ్చే తలనొప్పి, సబ్‌మర్సిబుల్ మోటార్లు ఎందుకు కాలిపోతాయో మాట్లాడుకుందాం. ఉంటాను.