పాత ఫోను చేయి మారే ముందు



పాడిగేదెను అమ్మినప్పుడు పశువును కొన్నవారికి అప్పగించి, పలుపుతాడును మాత్రం ఇంట ఉంచుకునే ఆనవాయితీ మన పల్లెల్లో అనేకచోట్ల ఉన్నది. అంతటి జాగ్రత్త గల రైతు, పాత స్మార్ట్‌ఫోనును అయినవారికి ఇచ్చేటప్పుడు మాత్రం పలుపుతో సహా ఇచ్చివేస్తున్నాడు. సిమ్ము, బ్యాంకు యాప్, రహస్య సంఖ్య అన్నీ అందులోనే ఉండిపోతున్నవి.

క్షేత్రాధికారిగా నేను స్వయంగా చూచిన ఒక ఉదంతాన్ని మీ ముందుంచుతాను. మా శాఖ పరిధిలోని ఒక రైతు కొత్త ఫోను కొనుక్కుని, పాతదానిని పట్నంలో చదువుకుంటున్న తమ్ముని కుమారునికి ఇచ్చాడు. ఫొటోలు తుడిచివేశాడు, అంతటితో పని పూర్తయినదనుకున్నాడు. కొత్త ఫోనులో కొత్త నంబరు వేసుకుని, పాత సిమ్మును పాత ఫోనులోనే వదలివేశాడు. పేర్ల జాబితాలో 'బ్యాంకు' అన్న పేరు కింద రహస్య సంఖ్య కూడా వ్రాసి ఉన్నది. కుర్రవాడు మూడు విడతలుగా 6,400 రూపాయలు హాస్టలు బకాయిలకు చెల్లించాడు. పెదనాన్న ఇచ్చిన ఫోను గనుక అడగనక్కరలేదనుకున్నాడట. పాసుపుస్తకం చేతబట్టుకుని ఆ రైతు శాఖకు వచ్చి, బ్యాంకే తన సొమ్ము కాజేసినదని వాదించాడు. అసలు సంగతి బయటపడిన తరువాత సొమ్ము తిరిగి వచ్చినది గాని, అన్నదమ్ముల మధ్య మాటలు మాత్రం తిరిగి రాలేదు.

ఇందులో మా వంతు లోపం కూడా ఉన్నది. 2016లో యు.పి.ఐ. విధానం వచ్చిన తరువాత ఊరూరా శిబిరాలు పెట్టి, ఫోనులో యాప్ ఎట్లా పెట్టుకోవాలో నేర్పాము. దానిని ఎట్లా తీసివేయాలో నేర్పలేదు. ఆ బాకీ తీర్చుకొనుటకే ఈ వ్యాసం.

మొదట, కావలసినవి భద్రపరచుకోండి

పిల్లల ఫొటోలు, పొలం కాగితాల నకళ్లు, ఎరువుల కొట్టు రసీదులు, పేర్ల జాబితా, ఇవన్నీ కొత్త ఫోనులోకి మార్చుకోండి. వాట్సాప్‌లోని సంభాషణలు కావలెనన్న వాటినీ ముందే మార్చుకోవలెను. అన్నీ కొత్త ఫోనులో తెరుచుకుంటున్నవని కళ్లారా చూచిన పిదపనే ముందుకు సాగండి.

రెండవది, బ్యాంకు యాప్‌లు

యు.పి.ఐ. యాప్ మీ సిమ్ము నుండి ఒక సందేశం పంపి, ఆ నంబరును ఆ ఫోనుతో ముడివేస్తుంది. తెర మీద బొమ్మను తీసివేసినంత మాత్రాన ఆ నమోదు రద్దయినట్లు కాదు. యాప్ లోపల మీ వివరాలుండే పేజీకి వెళ్లి, నమోదు రద్దు చేసుకుని, ఆ తరువాత యాప్‌ను తొలగించండి. కొత్త ఫోనులో నమోదైన వెంటనే రహస్య సంఖ్యను కూడా మార్చుకొనుట మంచిది.

మూడవది, సిమ్ము, మెమరీ కార్డు

ఈ రెండింటినీ తప్పక బయటకు తీయండి. ఖాతాకు జతయైన సిమ్మును ఎవరికీ ఇవ్వరాదు, కన్నకొడుకుకైనా సరే. ఓ.టి.పి. వచ్చేది ఆ నంబరుకే. నంబరునే మానుకోదలచినచో, ముందుగా శాఖకు వచ్చి కొత్త నంబరు నమోదు చేయించుకోండి. ఆధార్‌లో కూడా మార్పించుకోండి. వాడుక ఆగిన నంబరు కనీసం 90 రోజుల గడువు తరువాత వేరొకరికి కేటాయింపు కావచ్చును. అప్పుడు మీ ఖాతా సందేశాలు ముక్కూ ముఖమూ తెలియని వారికి చేరుతాయి.

నాల్గవది, గూగుల్ ఖాతా

దీనిని మరచిన వారే ఎక్కువ. 2015 నుండి ఆండ్రాయిడ్ ఫోనులలో దొంగతనం నివారించుటకు ఒక తాళం ఏర్పాటైనది. గూగుల్ ఖాతాను తొలగించకుండా ఫోనును తుడిచివేస్తే, మరల తెరచినప్పుడు పాత యజమాని ఖాతా వివరాలే అడగవచ్చును. అవి మీకు గుర్తులేకపోతే, పుచ్చుకున్నవారి చేతిలో అది పనికిరాని పలక. ఐఫోనులోనూ ఇటువంటి తాళమే ఉన్నది. ఖాతాను ఫోను నుండి తొలగించినంత మాత్రాన ఖాతా నశించదు. కొత్త ఫోనులో యథాప్రకారం వాడుకోవచ్చును.

చివరిది, పూర్తిగా తుడిచివేయుట

సెట్టింగ్స్‌లో 'రీసెట్' అన్నచోట, మొత్తం సమాచారాన్ని చెరిపివేసే అవకాశం ఉంటుంది. ఒక్కొక్క ఫొటోను తీసివేయుట చాలదా అని మీరు అడగవచ్చును. చాలదు. అది పుస్తకంలో విషయసూచికను చించివేయుట వంటిది. లోపలి పుటలు కొంతకాలం అట్లాగే ఉండగలవు. ఇటీవలి ఫోనులలో సమాచారమంతా గూఢలిపిలో నిలువ ఉంటుంది. రీసెట్ చేసినప్పుడు ఆ లిపిని విప్పే తాళంచెవి నాశనమవుతుంది. మిగిలినది ఎవరికీ అర్థం కాదు. ఈ పనిని అపరిచితుల చేత చేయించక, మీ ఎదుటనే జరిపించుకోండి.

తరువాత ఫోను తెరచినచో, కొత్తగా కొన్నదానివలె భాష ఎంచుకోమని అడగవలెను. అప్పుడే అది మీది కాకుండా పోయినట్లు లెక్క. కొన్ననాటి బిల్లును కూడా జతచేసి ఇవ్వండి. *#06# నొక్కితే కనబడే 15 అంకెల సంఖ్యను పుచ్చుకున్నవారు వ్రాసిపెట్టుకుంటే, ఫోను పోయినప్పుడు నిలిపివేయించుటకు అక్కరకు వస్తుంది. భద్రతా నవీకరణలు ఆగిపోయిన మరీ పాత ఫోనులో బ్యాంకు యాప్‌లు పెట్టుకోవద్దని కూడా వారికి చెప్పండి.

ఇప్పటికే ఇచ్చివేశారా? నేడే శాఖకు తెలిపి యు.పి.ఐ. నిలిపివేయించండి, రహస్య సంఖ్య మార్చండి. సొమ్ము మోసంతో పోయినచో 1930కు ఆలస్యం లేకుండా ఫోను చేయండి. రహస్య వివరాలను పరులకు తెలియజేయుట వంటి అజాగ్రత్త వలన కలిగిన నష్టాన్ని, బ్యాంకుకు తెలియజేసే వరకు ఖాతాదారుడే భరించవలెనని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో స్పష్టం చేసిన సంగతి గుర్తుంచుకోదగినది.

చదువుకునే పిల్లవానికి ఫోను ఇచ్చుట మంచి పని, మానవద్దు. కాని ఆ పిల్లవాని చేతికి మన పెట్టె తాళంచెవి కూడా ఇచ్చి, పిమ్మట వానినే దొంగగా చూచుట న్యాయం కాదు. పశువును ఇవ్వండి, పలుపును ఇంట ఉంచుకోండి.