పసికళ్లు చూపించారా?

మా పక్కింటి పిన్నిగారి కోడలు ఏడో నెల్లోనే ప్రసవించింది. పిల్లాడు 1200 గ్రాములు. అద్దాలపెట్టెలో ఉంచారు. మూడో వారంలో రక్తంలో ఫంగస్ చేరిందన్నారు. కంటి డాక్టరు కూడా చూడాలంటే పిన్నిగారు బెంబేలెత్తిపోయారు. "కళ్లు విప్పి చక్కగా చూస్తున్నాడు కదమ్మా, ఇంకేం పరీక్ష?"

పైకి చక్కగానే ఉంటాయి, అదే చిక్కు! కాండిడా అనే ఈ ఫంగస్ మన నోట్లో, పేగుల్లో మామూలుగా ఉండేదే. నెలలు నిండని బిడ్డకి తట్టుకునే శక్తి తక్కువ. పైగా సెలైన్ గొట్టాలు, రోజుల తరబడి యాంటీబయాటిక్స్. అలా రక్తంలోకి, కొద్దిమందికి కంటి లోపలికీ చేరుతుంది. కన్ను ఎర్రబడకపోవచ్చు, పుసి కట్టకపోవచ్చు. చుక్కలు వేసి లోపల రెటీనా చూస్తేనే తెల్లమచ్చలు తెలుస్తాయి. తొందరగా కనిపెడితే రక్తంలోకి ఎక్కించే మందుతోనే తగ్గే వీలుంది. ముదిరితే కంట్లోకే ఇంజెక్షన్, ఒక్కోసారి ఆపరేషన్.

ఫంగస్ లేకపోయినా సరే, 34 వారాలలోపు పుట్టినా, 2000 గ్రాములకి తగ్గినా, రెటీనా రక్తనాళాల జబ్బు ఉందేమోనని 30 రోజుల్లోగా పరీక్ష చేయించాలి. ఇంటికి పంపేశారు కదా, పురుడు వెళ్లాక చూద్దాంలే అనుకోకండి.

పిన్నిగారి మనవడికి ఎడమ కంట్లో చిన్న మచ్చ కనబడింది. మందు పూర్తయింది, ఇంటికొచ్చాడు. మళ్లీ చూపించాల్సింది శుక్రవారం. వర్జ్యమంటారేమోనని నేను భయపడుతుంటే, ఆవిడే ముందెళ్లి ఆటో పిలుచుకొచ్చారు.