జ్యూసర్ కొనే ముందు...

పత్తి, మిరప డబ్బు చేతికొచ్చాక ఇంట్లోకి ఏదో ఒక వస్తువు కొనడం గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మామూలే. పిల్లల ఆరోగ్యానికి మంచిదని ఈసారి జ్యూసర్ కొందామనుకుంటున్నారా? కాస్త ఆగండి.

బత్తాయి, నిమ్మ పిండడానికి చేత్తో నొక్కే స్టీలు పరికరం చాలు. దానికి కరెంటు అక్కర్లేదు, కడగడమూ తేలిక. అల్యూమినియంది వద్దు. పుల్లటి రసం దాన్ని తినేస్తుంది. రోజూ క్యారెట్, బీట్‌రూట్ రసం తీసేవారికే కరెంటు జ్యూసర్ అవసరం. ఐఎస్ఐ గుర్తు, మూడు పిన్నుల ప్లగ్గు చూసి తీసుకోండి. లోపలి జల్లెడ ఊడదీసి కడగడానికి వీలుందో లేదో కొట్లోనే విప్పి చూడండి. మిక్సీ ఉంటే పండ్లకు వేరే జార్ పెట్టుకోండి. కారం పట్టిన జార్‌లో ఘాటు ఓ పట్టాన పోదు.

చేలో మందు కొట్టి వస్తే, సబ్బుతో స్నానం చేశాకే పండు ముట్టుకోండి. మందు కొలిచే గ్లాసు వంటింటి గడప దాటకూడదు.

రసం తీస్తే పీచు పిప్పిలోనే పోతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనూ రసం కన్నా పండే మేలని చెప్పింది. షుగరు ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. రోజూ తలా ఒక పండు తినే ఇంటికి జ్యూసర్ లేకపోయినా లోటేమీ లేదు. ఆ డబ్బు పండ్లకే పెట్టండి.