రైతు బిడ్డకు అగ్రి బిజినెస్ చదువు – మన పంటకు ఏం ఉపయోగం?



జీవామృతం, ఘనజీవామృతం, కషాయాల గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. పంట పండించడం మనకి వచ్చింది. ఎక్కువమంది ఆగిపోయేది కళ్ళం దగ్గరే. పండించినదాన్ని ఎవరికి అమ్మాలి, ఎంతకి అమ్మాలి, ఎప్పుడు అమ్మాలి? ఈ ప్రశ్నలకి జవాబు వెతికే చదువు ఒకటి ఉంది. దాన్నే అగ్రి బిజినెస్ మేనేజ్‌మెంట్ అంటారు. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలున్న రైతులు, సంఘం నడిపే రైతులు దీని గురించి తప్పకుండా తెలుసుకోవాలి. వీడియో చూసినవాళ్ళు కూడా కింది లెక్క మాత్రం కాగితం, పెన్ను పట్టుకుని చదవండి.

ఇందులో ఏం నేర్పుతారు?

ఎరువు ఎంత వెయ్యాలో ఇక్కడ నేర్పరు. అది బీఎస్సీ అగ్రికల్చర్‌లో చెప్పే విషయం. పంట పొలం దాటాక తినేవాళ్ళ కంచం దాకా వెళ్ళే దారిని ఇక్కడ చదువుతారు. ఖర్చుల లెక్క, పెట్టుబడి తిప్పడం, గోదాము, రవాణా, నాణ్యత, మార్కెటింగ్, ఆహార చట్టాలు, సహకార సంఘాల నిర్వహణ ఇవన్నీ అందులో ఉంటాయి.

ఒక ఉదాహరణతో చూద్దాం. ధరలు, ఖర్చులు లెక్క కోసం అనుకున్నవే. మీ ఊరి ధరలు పెట్టి మళ్ళీ వేసుకోండి.

ఒక క్వింటా దేశీ వడ్లు కళ్ళంలోనే అమ్మితే 2,500 రూపాయలు వస్తాయనుకుందాం. అలా కాకుండా బియ్యం ఆడించి పట్నంలో కిలో 70 రూపాయలకి అమ్మాలనుకున్నాం. సింగిల్ పాలిష్ బియ్యం 65 కిలోలు వచ్చాయి. తవుడు, నూకలు మిల్లుకే వదిలేశాం.

- బియ్యం మీద రావలసింది: 65 × 70 = 4,550
- మిల్లుకి తోలడం, ఆడించడం: 250
- సంచులు, ప్యాకింగ్ కిలోకి 5 చొప్పున: 325
- పట్నానికి రవాణా కిలోకి 6 చొప్పున: 390
- తరుగు, పాడైనవి నూటికి 5 చొప్పున: సుమారు 228
- ఆర్నెల్లు డబ్బు ఆగినందుకు 2,500 మీద నూటికి రూపాయి వడ్డీ: 150

ఖర్చులు మొత్తం 1,343. చేతికి మిగిలేది 3,207. అంటే కళ్ళంలో అమ్మినదానికన్నా 707 రూపాయలు ఎక్కువ. చాలామంది 4,550లోంచి 2,500 తీసేసి, రెండు వేలు లాభం అనుకుంటారు. అసలు మిగిలేది 707. అందులోనూ మన ఇంటివాళ్ళ కష్టం లెక్కెయ్యలేదు. ఇంకో పది కిలోలు అమ్ముడుపోక పురుగు పట్టిందా, ఆ 707 దాదాపు అంతా పోయినట్టే.

ఈ ఒక్క లెక్కలోనే ఆ చదువంతా ఉంది. తరుగు తగ్గించడం నిల్వ పాఠం. వడ్డీ తగ్గించడం ఫైనాన్స్ పాఠం. పది ఊళ్ళ సరుకు ఒకే బండిలో పంపి రవాణా తగ్గించడం సప్లై చైన్ పాఠం. ముందే ఆర్డర్లు తీసుకుని తర్వాత ఆడించడం మార్కెటింగ్ పాఠం.

ఎక్కడ చదవొచ్చు?

మన దగ్గరే, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 'మేనేజ్' సంస్థ ఉంది. 1987లో మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థలో రెండేళ్ళ అగ్రి బిజినెస్ పీజీ డిప్లొమా చెబుతారు. ఆ పక్కనే ఉన్న 'నార్మ్' సంస్థలోనూ ఇలాంటి కోర్సు నడుస్తోంది. అహ్మదాబాద్ ఐఐఎంలో ఫుడ్ అండ్ అగ్రి బిజినెస్ మేనేజ్‌మెంట్ పేరుతో ప్రత్యేక కోర్సు ఉంది. లక్నో ఐఐఎంలోనూ అగ్రి బిజినెస్ కోర్సు ఉంది. గుజరాత్ ఆనంద్‌లో వర్గీస్ కురియన్ 1979లో స్థాపించిన 'ఇర్మా' 2025లో త్రిభువన్ సహకారి విశ్వవిద్యాలయం అయ్యింది. పాల సంఘాలని నడపడానికి చదువుకున్న మేనేజర్లు కావాలనే ఆలోచనతో పుట్టిన సంస్థ అది. అక్కడి విద్యార్థులు కొన్ని వారాలు పల్లెల్లో ఉండి చదవాలి.

ఐఐఎంలకి, మేనేజ్‌కి క్యాట్ పరీక్ష రాయాలి. అది మామూలుగా నవంబరు చివర్లో ఉంటుంది. లెక్కలు, ఇంగ్లీషు, తర్కం అడుగుతారు. వ్యవసాయం, దాని అనుబంధ డిగ్రీలు చదివినవాళ్ళకి ఈ కోర్సుల్లో ప్రాధాన్యం ఉంటుంది. బైపీసీ పిల్లలు ముందు ఎప్‌సెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరడం సులువైన దారి. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో రైతు కుటుంబాల పిల్లలకి కోటా కూడా ఉంది.

అసలు సమస్య ఇక్కడుంది

ఐఐఎంలో రెండేళ్ళ ఫీజు ఇరవై లక్షలు దాటుతుంది. అప్పు చేసి చదివిన పిల్లవాడు జీతం బాగా ఇచ్చే కంపెనీకే వెళ్తాడు. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో పురుగుమందులు, ఎరువులు, విత్తనాలు అమ్మేవి కూడా ఉంటాయి. తండ్రి పొలంలో కషాయం కొడుతుంటే కొడుకు పురుగుమందు అమ్మే ఉద్యోగంలో చేరొచ్చు. పిల్లవాణ్ణి తప్పు పట్టలేం, నెలనెలా కిస్తీ కట్టాలి కదా. కాబట్టి చేర్చేముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. ఎంత అప్పు, ఎన్నేళ్ళలో తీరుతుంది, ఆ తర్వాత ఏం చేద్దామనుకుంటున్నాడు?

ఇంకో మాట. ఈ చదువు దిగుబడిని, ధరని బాగా కొలుస్తుంది. పొలంలో వానపాములు పెరగడం, మందుల ఖర్చు తగ్గడం, ఇంట్లో తినే తిండి మారడం లాంటివి లెక్కలోకి తెమ్మని అడిగితే తప్ప రావు. అడగాల్సింది మన పిల్లలే. కోర్సులో ప్రాజెక్టు చెయ్యాల్సి వచ్చినప్పుడు మన ఊరి సంఘం మీదే చెయ్యమనండి.

మన సంఘాలకి ఈ అవసరం ఎందుకు?

పదిమంది రైతులు కలిస్తే ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు. చట్టం ప్రకారం దానికి పూర్తికాలం పనిచేసే సీఈఓ ఉండాలి. 2020లో మొదలైన పదివేల ఎఫ్‌పీఓల పథకంలో ఒక్కో సంఘానికి నిర్వహణ ఖర్చుల కోసం మూడేళ్ళలో 18 లక్షల వరకు సాయం ఇచ్చేలా పెట్టారు. ఆ మూడేళ్ళు అయ్యాక సీఈఓ జీతం సంఘం వ్యాపారంలోంచే రావాలి. పైన వేసుకున్న 707 రూపాయల లెక్క తెలియని సంఘం ఆ రోజున ఇబ్బందిలో పడుతుంది.

చట్టం తెలిసిన మనిషి కూడా కావాలి. ఎన్‌పీఓపీ ధ్రువీకరణకి ఏడాది పంటల పొలాన్ని మామూలుగా రెండేళ్ళు మార్పిడి కాలంలో ఉంచాలి. పీజీఎస్‌లో రైతులే బృందంగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. మన సరుకుకి ఏది సరిపోతుందో ముందే తేల్చుకోకపోతే దుకాణం మెట్టు ఎక్కాక ఆగిపోతాం.

అంత ఫీజు కట్టలేనివాళ్ళకి

వ్యవసాయ డిగ్రీ, డిప్లొమా ఉన్న పిల్లలకి అగ్రి క్లినిక్స్ – అగ్రి బిజినెస్ సెంటర్స్ పథకం ఉంది. మేనేజ్ ఆధ్వర్యంలో 45 రోజులు ఉచితంగా శిక్షణ ఇస్తారు. తర్వాత ఒక్కరికి 20 లక్షల వరకు ప్రాజెక్టుకి బ్యాంకు రుణం కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. అందులో సబ్సిడీ 36 శాతం, మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి 44 శాతం. సొంత ఊళ్ళోనే మిల్లో, గానుగో, కషాయాల దుకాణమో పెట్టాలనుకునే పిల్లలకి రెండేళ్ళ కోర్సు కన్నా ఇదే దగ్గరి దారి.

మరి చదువు లేని మనం ఏం చెయ్యాలి? ఈ సీజన్‌లో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఆడించిన ఖర్చు, సంచులు, రవాణా, తరుగు, డబ్బు చేతికొచ్చిన తేదీ, ఈ ఐదూ రాయండి. రేపు మీ బిడ్డ ఆ చదువు చదివొస్తే మొదట అడిగేది ఆ పుస్తకమే. రాకపోయినా, వచ్చే ఏడు కళ్ళంలో అమ్మాలా, ఆడించాలా అన్నది ఆ పుస్తకమే మీకు చెబుతుంది.