ప్రజ్ఞ అను పేరు

బారసాలనాడు తండ్రి పళ్ళెములోని బియ్యముపై ఉంగరముతో శిశువు పేరు వ్రాస్తాడు. పిమ్మట ఆ పేరునే శిశువు చెవిలో చెబుతారు. సాధారణముగా ఈ రెండు పనులకూ నడుమ పేచీ ఏమీ ఉండదు. సీత అని వ్రాస్తారు, సీత అనే చెబుతారు. కాని వ్రాసిన పేరు 'ప్రజ్ఞ' అయి, ఆ తెలుగు కుటుంబము పుణెలో కాపురమున్నదనుకొందాము. తల్లి 'ప్రగ్న్య' అంటుంది. పొరుగింటి మరాఠీ ఇల్లాలు 'ప్రద్న్యా' అని ముద్దు చేస్తుంది. బడిలో హిందీ పంతులు 'ప్రగ్యా' అని హాజరు పిలుస్తాడు. ముగ్గురిలో ఎవరూ అక్షరము మార్చలేదు. జకారము క్రింద ఞకారము చేర్చిన ఆ ఒక్క సంయుక్తాక్షరమునే ముగ్గురూ చదివినారు.

పిల్లకు పేరు వెదకుచున్న తలిదండ్రులు ఇటువంటి చోట జంకడము సహజము. అయితే ఈ భేదము ఎట్లు వచ్చినదో తెలిస్తే ఆ జంకు కొంత తీరుతుంది.

జకార ఞకారములు రెండూ తాలవ్యములు. నాలుకను ఒకే తావున ఆనించి మొదట స్పర్శమును, వెంటనే అనునాసికమును పలుకుట శ్రమ. జనవ్యవహారము ఆ శ్రమను ఏనాడో వదిలించుకొన్నది. పాళీలో ప్రజ్ఞ 'పఞ్ఞా' అయినది. ప్రాకృతములో జ్ఞకారము ణ్ణకారమైనది. ఆ త్రోవనే మన యజ్ఞము జన్నమైనది, ఆజ్ఞ ఆన అయినది, విజ్ఞానము విన్నాణమైనది. విజ్ఞాపనము చేసుకొనే ఓపిక లేని సామాన్యుడు ఈనాటికీ విన్నపమే చేసుకొంటున్నాడు. కనుసన్నలోని 'సన్న' సంజ్ఞయే. రాజ్ఞి రాణి అయిన సంగతి అందరికీ తెలిసినదే. ఈ తద్భవములలో జ్ఞకారమున్న చోట మిగిలినది కేవలము అనునాసికము. తత్సమములను తిరిగి పట్టుకొన్నప్పుడు మాత్రము ప్రతి ప్రాంతమూ ఆ పాత అక్షరమును తన నాలుకకు తోచినట్లు పూరించుకొన్నది. హిందీవారు 'గ్య' అన్నారు, గుజరాతీవారు 'గ్న' అన్నారు, మరాఠీవారు 'ద్న్య' అన్నారు. వంగదేశములో ప్రజ్ఞ 'ప్రొగ్గా' వలె వినిపిస్తుంది. మనలో 'గ్న' అనేవారూ ఉన్నారు, 'గ్న్య' అనేవారూ ఉన్నారు. ఉత్తరాదివారు పేరును చెడగొట్టినారని మనవారు నవ్వుతూంటారు గాని, మనము పలికే గకారము ఆ అక్షరములో ఎక్కడున్నదో చూపుమంటే మాత్రము చూపలేము!

పొరుగు దేశమైన నేపాలులో 1957లో స్థాపితమైన సాహిత్యకళాసంస్థకు ఇప్పటి పేరు నేపాల ప్రజ్ఞా ప్రతిష్ఠానము. అక్కడివారి నోట అది 'ప్రగ్యా'. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3తో చంద్రునిపై దిగిన చిన్న బండిని మన పత్రికలలో కొన్ని 'ప్రజ్ఞాన్' అన్నవి, కొన్ని 'ప్రగ్యాన్' అన్నవి. రెండవవారు ఇంగ్లీషు వ్రాతను చూచి తెలుగు చేసినారనుట స్పష్టము.

అసలు చిక్కు ఈ రోమను లిపిలోనే ఉన్నది. నాగరిలోనో తెలుగులోనో వ్రాసినంతసేపు అక్షరము అందరిదీ. ఎవరి ఉచ్చారణ వారిది. రోమను లిపిలోనికి మార్చేసరికి ఏదో ఒక ఉచ్చారణను ఎంచుకొనక తప్పదు. 'జి-వై' వ్రాస్తే హిందీ పలుకు, 'డి-ఎన్' వ్రాస్తే మరాఠీ పలుకు, 'జి-ఎన్' వ్రాస్తే మన పలుకు. 'జె-ఎన్' వ్రాస్తే పండితులకు తృప్తి. విశ్వనాథవారికి 1970వ సంవత్సరమునకు లభించిన జ్ఞానపీఠ పురస్కారమును ఇంగ్లీషులో 'జె-ఎన్'తోనే వ్రాస్తారు. దానిని వ్రాసినట్లు పలికినవారిని నేను మాత్రము వినలేదు. చదరంగ వీరుడు ప్రజ్ఞానంద పేరులో 'జి' రెండుమార్లు వస్తుంది.

బడిలోనూ పాస్‌పోర్టులోనూ నిలిచిపోయేది ఈ రోమను వ్రాతయే గనుక తలిదండ్రులు తొందరపడరాదు. పేరు లేకుండగనే జననమును నమోదు చేయించి, పేరును తరువాత చేర్పించే వీలు 1969 నాటి జనన మరణ నమోదు చట్టములోనే ఉన్నది. ఇంటి పలుకునకు దగ్గరైన వ్రాతను ఎంచుకొని, దానినే అన్ని కాగితములలోనూ నిలుపుకొనుట మేలు. సంఖ్యాశాస్త్రము పేరిట మరొక అక్షరము తగిలించేవారి జోలికి పోకపోవుట ఇంకా మేలు.

కాగితముల సంగతి అట్లుండగా, పిల్ల సంగతి ఒకటి ఉన్నది. 'ప్రగ్యా' అన్నప్పుడు పలుకకపోతే బడిలో గైరుహాజరు. కొన్నేళ్ళకు ఆ పిలుపే అలవాటై, 'అమ్మా, నా పేరు నీకు సరిగా పలకడం రాదు' అని ఇంటిలో అంటే తల్లి మనస్సు చివుక్కుమంటుంది. ఈ భయముతో మంచి పేరును వదులుకొనమని నేను చెప్పను. ఇంటి పలుకును పిల్లకు గట్టిగా నేర్పి, బయటి పలుకు తప్పు కాదనికూడా చెప్పవలె. పెద్దదైన పిమ్మట ఆమె ఏ పలుకును తనదనుకొంటే అదే ప్రమాణము; ఆ నిర్ణయములో వైయాకరణునికి ప్రమేయము లేదు.

అనువాదకులమైన మనకు ఈ అధికారము ఆమెకున్నంత లేదు. జ్ఞానేశ్వరుడు 1290లో ముగించిన గీతావ్యాఖ్య మనకు 'జ్ఞానేశ్వరి'. దానిని ఇంగ్లీషు ద్వారా ఎరిగినవాడు 'ద్న్యానేశ్వరి' అని వ్రాస్తే, ఇదేదో మరియొక గ్రంథము కాబోలునని పాఠకుడు భ్రమపడతాడు. మూలలిపిలో జ్ఞకారమున్న పేరును తెలుగులోనూ జ్ఞకారముతోనే వ్రాయవలెనని నా మతము. అట్లు చేస్తే ప్రాంతీయ వాసన పోతుందనే ఆక్షేపణ ఉన్నది. పోతుంది, కొంత. కాని మరాఠీ రచయితయూ తన పాత్ర పేరును జ్ఞకారముతోనే వ్రాసినాడు గదా! ఆ పలుకుపైననే కథ నడిచినప్పుడు మాత్రము ఈ నియమమును సడలించవలె. కథనములో 'ప్రజ్ఞ' అనే ఉంచి, పొరుగింటి ఇల్లాలి సంభాషణలో ఒకటి రెండు తావుల 'ప్రద్న్యా' అనిపిస్తే చాలును. ప్రతి పుటలోనూ అనిపిస్తే అది వెక్కిరింత అవుతుంది.

తమిళము సంగతి వేరు. అక్కడ జ్ఞానము వ్రాతలోనే జకారమును విడిచి 'ఞానం' అయినది. తిరుఞాన సంబందర్ పేరు అట్టిదే. ఆయనను మనము జ్ఞానసంబంధర్ అని వ్రాయుట అలవాటైనది గనుక దానిని కదలించనక్కరలేదు. నేటి తమిళ కథలో 'ఞానం' అనే గుమాస్తా వస్తే ఏమి చేయవలెనన్నది ప్రశ్న. ఞకారము మన వర్ణమాలలో ఉన్నది గాని, మాట మొదట దానిని చూస్తే తెలుగు పాఠకుడు తడబడతాడు. నేనైతే 'జ్ఞానం' అనే వ్రాస్తాను.