నిమిషాలే నిండు ప్రాణం
పొగ, పక్షవాతం, బృహద్ధమని వాపు.. గుర్తిస్తేనే రక్షణ

నరసరావుపేట: ఒంటిపై గాయం ఉండదు. రక్తపు చుక్క కారదు. మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. 'కాసేపు పడుకుంటే అదే తగ్గుతుంది' అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకుంటారు. పొగ పీల్చడం, పక్షవాతం, బృహద్ధమని పగలడం.. ఈ మూడు ఆపదల్లోనూ ప్రాణం తీసేది ఆ 'కాసేపే'. మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్ల పైమాటే. దారిలో పట్టే సమయాన్ని తగ్గించలేకపోయినా, ఇంటివద్ద వృథా అయ్యే సమయాన్ని తగ్గించుకోవడం కుటుంబసభ్యుల చేతుల్లోనే ఉంది.

మంట కన్నా పొగే ముప్పు

2024 మే 14 అర్ధరాత్రి దాటాక చిలకలూరిపేట మండలం పసుమర్రు వద్ద ఓటర్లతో హైదరాబాద్‌కు తిరిగి వెళ్తున్న బస్సు టిప్పర్‌ను ఢీకొని దగ్ధమైంది. ఆరుగురు మృతి చెందారు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో చెలరేగిన మంటల వేళ ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక కన్నుమూశారు.

పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. ఇది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతులు, మగత దీని లక్షణాలు. ముక్కు రంధ్రాల్లో మసి, కాలిన ముక్కు వెంట్రుకలు, బొంగురు గొంతు, నల్లటి కఫం కనిపిస్తే శ్వాసనాళం దెబ్బతిన్నట్లే. ఆ వాపు కొన్ని గంటల తర్వాత పెరిగి ఊపిరి ఆపేయవచ్చు. కనుక మంటల్లోంచి నడిచి బయటపడిన వారినీ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఈ విషవాయువును పసిగట్టలేదు. అందులో 98 కనిపించిందని ధీమా పడరాదు. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడితే, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ అందిస్తే గంట, గంటన్నర చాలు.

పొగ కమ్మినప్పుడు నేలకు దగ్గరగా వంగి బయటకు రావాలి. తడిగుడ్డ మసిని కొంత ఆపుతుందే తప్ప విషవాయువును ఆపదు. మూసిన గదిలో జనరేటర్ నడపడం, బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రించడం ప్రాణాంతకం.

నవ్వమనండి.. చేతులెత్తమనండి

మెదడుకు రక్తం అందించే నాళం పూడుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. అనుమానం రాగానే మూడు పరీక్షలు చేయాలి. నవ్వమంటే మూతి ఒకవైపు వంకరపోతోందా? రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి వాలిపోతోందా? చిన్న మాట పలకమంటే ముద్దగా వస్తోందా? ఏ ఒక్కటి కనిపించినా 108కు ఫోన్ చేయాలి. పది నిమిషాల్లో అన్నీ సర్దుకున్నా అది పెద్ద పోటుకు ముందస్తు హెచ్చరికే.

నాళం పూడుకున్నప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు నశిస్తాయని అంచనా. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అంతకుముందు సీటీ స్కాన్ తప్పనిసరి. అందుకే స్కాన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లాలి. రోగి చివరిసారిగా బాగున్న సమయాన్ని కాగితంపై రాసి వైద్యులకు ఇవ్వాలి. నిద్ర లేచేసరికే చేయి పడిపోతే, రాత్రి పడుకున్న సమయమే లెక్క.

గ్యాస్ నొప్పి అనుకుంటే..

గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం బృహద్ధమని. కడుపులో దీని వెడల్పు మామూలుగా రెండు సెంటీమీటర్లు. మూడు దాటితే దాన్ని ఎన్యూరిజం అంటారు. ఏళ్ల తరబడి ఏ బాధా ఉండదు. ఒక్కసారిగా పగిలితే కడుపులోనో, నడుములోనో భరించలేని నొప్పి, చెమటలు, కళ్లు తిరిగి పడిపోవడం కనిపిస్తాయి. గ్యాస్ నొప్పి, కిడ్నీలో రాయి అని పొరబడేది ఇక్కడే. ఛాతీలో మొదలై వీపులోకి చీల్చుకుపోతున్నట్లుండే నొప్పి ధమని గోడ చీలికకు సంకేతం కావచ్చు. ఐన్‌స్టీన్ 1955లో మరణించింది కడుపులోని బృహద్ధమని పగలడం వల్లే.

ఈ ముప్పు పొగతాగే పెద్దవయసు మగవారిలో ఎక్కువ. చుట్ట, బీడీ అలవాటున్న వారు 65 ఏళ్లు దాటాక ఒకసారి కడుపు అల్ట్రాసౌండ్ చేయించుకోవడం మేలు. మగవారిలో వాపు 5.5 సెంటీమీటర్లకు చేరితే, పగలకముందే శస్త్రచికిత్స చేస్తారు. రక్తపోటు మాత్రలు మానకుండా వాడితే పక్షవాతం ముప్పు కూడా తగ్గుతుంది.

ఇవి చేయొద్దు

* స్పృహ తప్పిన వారికి, మాట ముద్దగా వస్తున్న వారికి నీళ్లు, సోడా, మాత్రలు నోట్లో వేయరాదు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.
* సీటీ స్కాన్ కాకముందు ఆస్పిరిన్ ఇవ్వరాదు. నాళం చిట్లి ఉంటే రక్తస్రావం పెరుగుతుంది.
* బీపీ ఎక్కువగా ఉందని ఇంట్లో ఉన్న మాత్ర వేసి ఒక్కసారిగా తగ్గించరాదు.
* పసరు మందులకు, పావురం రక్తం పూతకు పరుగులు తీయరాదు.
* తీవ్రమైన కడుపునొప్పికి నొప్పి ఇంజెక్షన్ చేయించుకుని ఇంట్లో పడుకోరాదు. కడుపును నొక్కరాదు, మర్దన చేయరాదు.

2005 ఆగస్టు 15న రాష్ట్రంలో 108 సేవలు మొదలయ్యాయి. ఫోన్ చేసినప్పుడు ఊరు, గుర్తు, రోగి లక్షణాలు, అవి మొదలైన సమయం.. ఈ నాలుగూ ముందుగా చెబితే వాహనం వచ్చేలోపే సగం పని పూర్తయినట్లు.