నీలిచీర – ముడిచిత్రము

నలుపునకును నీలిమకును భేదము పాటింపనక్కఱలేదని కవులకొక సమయము కలదు. రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో ఈ మర్యాదను వివరించియున్నాడు. బాల్యమున మా తండ్రిగారియొద్ద కావ్యములు చదువుకొనునపుడు, మబ్బును నల్లనిదనినను నీలమనినను ఒకటేయని మేమును నేర్చుకొంటిమి. కాని చీరలు కొనువారు కవులు కారు. ఈ సంగతి మాకు గడచిన కార్తికమాసమున తెలిసివచ్చినది.

మా కాపురము ఆదోనిలో. మావారు పాఠశాలలో ఉపాధ్యాయులు. వారికడ చదువుకొన్న అమ్మాయి యొకతె ఎమ్మిగనూరిలో నేతవారి యింటి కోడలు. ఎమ్మిగనూరు నేతకు పేరుపడిన ఊరని సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 1938లో మాచాని సోమప్పగారు అచట చేనేతకారుల సహకారసంఘమును స్థాపించిరి. 1954లో ప్రభుత్వమువారు ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించిరి. నేడు ఈ అమ్మాయివంటివారు మగ్గము దిగిన చీరను ఫోనుతో చిత్రము తీసి, ఆ చిత్రమును దూరపుటూళ్లకు పంపి అమ్ముకొనుచున్నారు. వారికి చిత్రమే దుకాణము, చిత్రమే బేరము.

ఆ అమ్మాయి యొకనాడు కన్నీటితో మా యింటికి వచ్చెను. ముదురు నీలిచీర, నల్లని అంచు, సన్నని జరీగీత. ఇంటిలోని మసకవెలుతురులో చిత్రము తీయగా చీర యంతయు నల్లగా కనబడినదట. ఫోనులోనే వెలుగు పెంచినదట. పెంచగా నీలిమ ఊదావన్నెకు తిరిగెను. మడతల నీడలలో చాఱలు పుట్టెను. కొన్నవారు ఊదాచీర యనుకొని తెప్పించుకొని, వచ్చినది నీలిదని త్రిప్పి పంపివేసిరి.

"అమ్మా, ఇంటిల్లిపాదిమి చేసిన కష్టము. చీరలో దోషము లేదు. నేను అబద్ధమాడలేదు. అయినను అబద్ధమాడినదాననైతిని" అని ఆమె యనినపుడు మాకేమియు తోచలేదు.

మా మఱిదికి ఛాయాచిత్రములయందు అభిరుచి మెండు. అతనిని వెంటబెట్టుకొని ఆ ఆదివారము ఎమ్మిగనూరు పోయితిమి. అతడు ఫోనులోని చిత్రమును చూచి, "వదినా, ఇది వండి వడ్డించిన కూర. దీనిలో ఉప్పెక్కువైనచో ఇప్పుడు తీయలేము. వండకమునుపటి కాయలు మనకు కావలెను" అని నవ్వెను. ఆ మాటకర్థము అతడు చెప్పగా మేము గ్రహించినంత ఇచట వ్రాయుచున్నాము.

కెమేరాలో వెలుగును గ్రహించు పలక యొకటి కలదు. దానిపై లెక్కకు మిక్కిలి చిన్న గదులుండును. ఆ గదులు వెలుగెంత పడినదో కొలుచునే గాని రంగు నెఱుగవు. అందుచే ఒక్కొక్క గదిపై ఎఱుపో, పచ్చయో, నీలమో ఒక్క వన్నెగల తెఱ వేయుదురు. కొడాక్ సంస్థలోని బ్రైస్ బేయరుగారు ఈ యేర్పాటును కనిపెట్టగా, 1976లో దానికి పేటెంటు లభించెను. గదులలో సగము పచ్చకును, తక్కిన సగము ఎఱుపు నీలములకును సమముగ చెందును. ఆ కొలతలను ఉన్నవి ఉన్నట్లు దాచిన ఫైలును ‘రా’ యందురు. మనము ముడిచిత్రమనవచ్చును. సాధారణముగ కెమేరా యీ ముడిచిత్రమును మనకీయదు. తెలుపేదో తానే నిర్ణయించి, రంగు దిద్ది, అనవసరమని తోచినదానిని పాఱవైచి, జేపెగ్ అను చిన్న ఫైలుగా వండి యిచ్చును. పాఱవైచినది మఱల రాదు.

ఇక బిట్ల సంగతి. చీకటికిని తెలుపునకును నడుమ ఎన్ని మెట్లున్నవో తెలుపునది బిట్ల లెక్క. ఒక్కొక్క బిట్టు పెరిగినకొలది మెట్లు రెట్టింపగును. జేపెగ్ నందు 8 బిట్లు, అనగా ఒక్కొక్క మూలవర్ణమునకు 256 మెట్లు. మూడు వర్ణములను కలిపినచో 1,67,77,216 రంగులు. చూచుటకిది చాలును. ముడిచిత్రమున తఱచుగ 12 గాని 14 గాని బిట్లుండును. 12 అయినచో 4,096 మెట్లు, 14 అయినచో 16,384.

కంటికి 256 మెట్లే చాలునపుడు ఇన్ని యెందులకని మేమడిగితిమి. దీనికి ఆ యింటి అత్తగారు మగ్గముపై కూర్చుండియే బదులుచెప్పిరి. "పోగులు పలుచనైన బట్టను లాగి చూడుడమ్మా, నడుమ సందులు కనబడవా?" మా మఱిది "అంతే, అంతే" యని చప్పట్లు చఱచెను. నీడలోని నీలిమకు జేపెగ్ లో దక్కినది ఒక ఇరువది మెట్లనుకొందము. వెలుగు పెంచుటయనగా ఆ ఇరువదిని ఎనుబది మెట్ల చోటునకు సాగదీయుట. ఉన్నవి ఇరువదియే కావున నడుమ సందులు పడును. ఆ సందులే మన అమ్మాయి చూచిన చాఱలు. ముడిచిత్రమున పోగులు దట్టము. ఎంతో లాగినగాని సందు కనబడదు.

అయినను ముడిచిత్రమునందును నీడకు దక్కు పాలు తక్కువయే. 12 బిట్ల చిత్రమున 4,096 మెట్లలో సగము, అనగా 2,048, మిక్కిలి వెలుగుగల భాగమునకే పోవును. వెలుగు అందులో సగమైన భాగమునకు 1,024, మఱి సగమైనదానికి 512. ఇట్లు తగ్గుచు పోవును. కావున చీకటిలో తీసి పిమ్మట వెలిగించుకొందమనుటకన్న, తెలుపు చెడనంతవఱకు వెలుగు ఎక్కువగ పట్టుటయే మేలు.

ఆ మాటలోని ‘చెడనంతవఱకు’ అనుదాని విలువ మాకు వెంటనే తెలిసినది. మొదటి చిత్రమున వెలుగు మితిమీఱి జరీగీత తెల్లని చాఱయై పోయెను. ముడిచిత్రమైనను గది నిండి పొరలిన వెలుగును తిరిగి తేలేదు. మఱునాటి ఉదయము వాకిట నీడలో, చీరప్రక్కన బూడిదవన్నె అట్ట నుంచి మరల తీసితిమి. ఆ అట్టను చూపి, ఇది యే వన్నెయు లేనిదని సాఫ్టువేరునకు చెప్పగా తక్కిన రంగులన్నియు తమ తమ స్థానములకు వచ్చెను. మేము వాడిన డార్క్‌టేబుల్ ఉచితముగ దొరకును. అందు చేయు మార్పులన్నియు వేఱుగ వ్రాయబడియుండును గాని ముడిచిత్రమునకు హాని కలుగదు. దిద్దుట ముగిసినపిదపనే 8 బిట్ల జేపెగ్ చేసి పంపవలెను.

ఈ పద్ధతి క్రొత్తదేమియు కాదు. హైదరాబాదున రాజా దీనదయాళుగారు గాజుపలకలపై చిత్రములు తీసిరి. 1892లో అచటనే ఘోషాస్త్రీల కొఱకు ప్రత్యేకముగ చిత్రశాల తెఱచిరి. గాజుపలక చిత్రము కాదు, చిత్రమునకు బీజము. కాగితముపై అచ్చువేయువాని నేర్పును బట్టి వెలుగునీడలు తేలును. పలక భద్రముగ నున్నంతకాలము మఱల అచ్చువేయవచ్చును. నేటి ముడిచిత్రమును అట్టిదే. కావున దానిని చెఱిపివేయరాదు. చోటు ఎక్కువ పట్టునను మాట నిజమే. అయినను బీజమును పాఱవైచి పంటను కోరుట యెట్లు?

చిత్రము సిద్ధమైనపుడు ఆ అమ్మాయి ముఖము కొంచెము చిన్నబోయినది. "అమ్మా, మునుపటిదే తళుకుగా నుండెను" అనినది. చీరను తెచ్చి తెఱప్రక్కన పట్టుమంటిమి. రెండు నీలిమలు ఒకటిగా నుండెను. అంచు నలుపు నీలిమతో కలియక నిలిచెను. ఆమె మాఱుపలుకక ఆ చిత్రమునే పంపినది. చీర పోయినది, తిరిగి రాలేదు.

సోదరీమణులారా! ఫోనుల తెఱలు పలువిధములు కావున రంగు అందఱికిని ఒక్కతీరున కనబడునని మేము చెప్పజాలము. ఆ మాట కొనువారికి ముందే తెలుపుట ధర్మము. కాని మనచేతిలోనున్నంత మనము చేయవలెను. మీ ఫోనులో ముడిచిత్రమును దాచు నేర్పాటున్నదేమో నేడే చూచుకొనుడు. పడుగుపేకలలో పడిన కష్టమునకు చిత్రము సాక్షి. ఆ సాక్షి పలుకునది చీరను మించియుండరాదు, చీరకు తగ్గియు నుండరాదు.